నూటొక్క గడపల్లో చెప్పులు

అక్టోబర్ 6, సోమవారం

నిన్న ఈ పుస్తకంలో "ఆ ఆట నేను ఆడలేదు, తేజ ఆడుతుంటే పక్కన కూర్చుని చూశానంతే" అని రాశావు, హైమవతీ. ఎర్ర సిరాతో దిద్దుతున్నాను. తేజ నిన్న మధ్యాహ్నం రెండింటికి బయటికి వెళ్ళి నాలుగున్నరకు వచ్చాడు. ఆ మధ్యలో ఆటలోని గుర్రం కోట చుట్టూ మూడుసార్లు తిరిగింది. దానంతట అది తిరగదు.

ముప్పై ఒక్క ఏళ్ళు కాలేజీలో చరిత్ర చెప్పి, కట్టలకొద్దీ పేపర్లు దిద్ది, చివరికి నా డైరీకి నేనే ఎగ్జామినర్నయ్యాను. ఫరవాలేదు. చొక్కా చేతుల్లో చీటీలు పెట్టుకొచ్చినవాళ్ళను పట్టుకున్నదాన్ని, నన్ను నేను పట్టుకోలేనా.

ఆట పేరు "నూటొక్క గడప". బంజారా హిల్స్‌లో ఒక కంపెనీ ఆరేళ్ళుగా తయారుచేస్తోంది. పాత కాలపు కోట, కోట కింద ఊరు, ఊళ్ళో నూటొక్క ఇళ్ళు. మనం ఒక వీరుడి వేషం వేసుకుని ఆ ఊళ్ళో తిరగాలి, మాట్లాడాలి, మంచో చెడో చెయ్యాలి. ఏం చేసినా ఊరు మరిచిపోదట. "ప్రతి గడపా నిన్ను గుర్తుపెట్టుకుంటుంది" అని ప్రకటన. ఈ వాక్యం పంజాగుట్ట ఫ్లైఓవర్ దగ్గర హోర్డింగు మీద ఉంది, మెట్రో స్తంభాల మీద ఉంది, ఆటోల వెనక ఉంది. పదకొండేళ్ళుగా అమీర్‌పేటలో ఇదే ఫ్లాటులో ఉంటున్నాను. ఎదురింటివాళ్ళకు నా పేరు గుర్తులేదు, మూడో అంతస్తు మేడమ్ అంటారు.

తేజ నా మనవడు. ఇరవై నాలుగేళ్ళు. ఉద్యోగం మానేసి, కొత్త ఆటలు ఎలా ఉన్నాయో తెలుగులో చెప్పే యూట్యూబ్ చానెల్ పెట్టుకున్నాడు. మే నెలలో వాళ్ళ నాన్న, అంటే మా కృష్ణమోహన్, దీని మీద అరవలేదు. అంతకంటే ఘోరంగా, నెమ్మదిగా మాట్లాడాడు. అక్టోబర్ ముప్పై ఒకటి దాకా గడువు. ఆలోపు నిలదొక్కుకోకపోతే బ్యాంకు పరీక్షల కోచింగులో చేరాలి. కోచింగువాళ్ళ బ్రోచర్ తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాడు, ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ గడువు ఇప్పించింది నేనే. ఇప్పిస్తూ ఒక మాట కూడా ఇచ్చాను: "వాడు అబద్ధం చెప్పి బతకడు. చెప్పాడని తెలిస్తే నేనే చెయ్యి పట్టుకెళ్ళి కోచింగులో కూర్చోబెడతాను."

ఆట పదిహేడున విడుదల. తేజకు ముందుగానే పంపారు. బాగుందో లేదో వాడి నోటివెంట వినడానికి మూడు లక్షలమంది ఎదురుచూస్తున్నారట. ముసలివాళ్ళకే పనిలేదనుకునేదాన్ని.

అక్టోబర్ 7

ఆడాను. పరీక్షించడానికి. అంత గొప్పలు చెప్పుకున్న విద్యార్థి పేపరు దిద్దకుండా ఎలా వదిలేస్తాం.

వీరుడికి పేరు పెట్టమంటే కృష్ణమోహన్ అని పెట్టాను. ఈ కృష్ణమోహన్ చెప్పిన చోటికి చెప్పిన వెంటనే వెళ్తాడు. యాభై రెండేళ్ళలో మొదటిసారి.

అక్టోబర్ 8

ఈ రోజు ఆడలేదు.

దిద్దుబాటు: ఉదయం ఆడలేదు.

అక్టోబర్ 9

న్యాయంగా రాయాలి. గుర్రం చాలా బాగుంది. అలిసిపోతే తల వంచుతుంది, నీళ్ళు చూస్తే ఆగుతుంది. పెంకుల మీద వాన పడే చప్పుడు కళ్ళు మూసుకుని విన్నాను. వీటికి పూర్తి మార్కులు.

నాలుగో అంతస్తు చంద్రమ్మ బఠానీల పొట్లంతో వచ్చి పక్కన కూర్చుంది. కోట గుమ్మం దగ్గరి ఇంట్లో ఈదమ్మ అని ఒక ముసలావిడ ఉంటుంది. ఆవిడ ఎదుట నిలబడి బటన్ నొక్కితే మాట్లాడుతుంది.

"గా ముసలామె ఏమంటది వదినా?" అంది చంద్రమ్మ.

నొక్కాను. "ఎండన పడి వచ్చావా నాయనా" అంది ఈదమ్మ. ఇంకోసారి నొక్కితే "మా కాలంలో ఇలా లేదు." మూడోసారి "జాగ్రత్తగా వెళ్ళిరా." నాలుగోసారి మళ్ళీ ఎండ మొదలుపెట్టింది. ఆటలో అప్పుడు జోరుగా వాన.

"మూడే ముచ్చట్లా?"

"మూడే. ఆరేళ్ళు కష్టపడి మూడు నేర్పారు."

చంద్రమ్మ తాపీగా బఠానీ నమిలింది. "నువ్వు సుత గంతే గద వదినా. నేనచ్చినప్పటి సంది ఇంటున్న. ఎవలచ్చినా తిన్నవా అంటవ్, ఫ్యాను బంద్ చెయ్యమంటవ్, గిన్నె మీద మూత పెట్టమంటవ్. నాలుగోది ఇనలే."

ఆమె టీ కొంచెం ఆలస్యం చేశాను.

అక్టోబర్ 11, శనివారం

దొరికింది.

మధ్యాహ్నం ఈదమ్మ వంటింట్లో ఉన్నాను, ఆటలో. ఏదో చప్పుడు, టక్కు టక్కు అని. ఆగితే ఆగుతోంది, నడిస్తే వస్తోంది. చూద్దును కదా, మన వీరుడు చెప్పులతో ఉన్నాడు. ముక్కు తేలిన తోలు చెప్పులు, ఊరవతల బురదంతా వాటికే ఉంది. బురద మాత్రం ఎంత బాగా వేశారో. ఆ చెప్పులతో గడప దాటి, నడవ దాటి, పొయ్యి పక్కన నిలబడ్డాడు. ఈదమ్మ ఎండన పడి వచ్చావా అంటోంది.

తేజను పిలిచాను. "ఒరేయ్, చెప్పులు ఎక్కడ విప్పాలి?"

"చెప్పులా? కత్తి మార్చొచ్చు, కవచం మార్చొచ్చు. చెప్పులు విప్పే బటన్ లేదు నానమ్మా. అవి తీస్తే కాళ్ళకి రక్షణ తగ్గుతుంది."

"తియ్యకపోతే వీపుకు తగ్గాలి కదరా."

నవ్వాడు. వారం రోజుల తర్వాత. అది రాసిపెడుతున్నాను.

అక్టోబర్ 13

నూటొక్క ఇళ్ళూ తిరిగాను. మూడు మధ్యాహ్నాలు పట్టింది. వంటిళ్ళలోకి చెప్పులతో వెళ్ళాను, దేవుడి గదుల్లోకి వెళ్ళాను, ఒక బాలింత మంచం దాకా వెళ్ళాను. ఒక్క మనిషి ఒక్క మాట అనలేదు. ఒక పూజారి ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు.

మా ఫ్లాటుకు ఏసీ బాగుచేసేవాడు వస్తే చెప్పులు విడిచి, కాలి కింద గోనెపట్టా ఉందా అని అడిగి వస్తాడు. కొరియర్ తెచ్చినవాడు లోపలికి చెయ్యి చాపుతాడు గానీ కాలు చాపడు. ఈ మాత్రం తెలియడానికి ఆరేళ్ళు అక్కర్లేదు, వాళ్ళమ్మ ఉంటే చాలు. ఊరు దేన్ని గుర్తుపెట్టుకుంటుంది? నువ్వు ఎంతమంది రాక్షసులను చంపావన్నది రెండు రోజుల్లో మరిచిపోతుంది. తడిగుడ్డ పెట్టిన నేల మీద బురద కాళ్ళతో నడిచినవాడిని మూడు తరాలు చెప్పుకుంటుంది.

అక్టోబర్ 14

ఈ రోజు రాయడానికేమీ లేదు. కళ్ళజోడు తుడుచుకున్నాను.

అక్టోబర్ 15

నిన్న రాయడానికి ఉంది, హైమవతీ. రాయి.

చెప్పుల లెక్క వాడి కంప్యూటర్లో ఎక్కిద్దామని కూర్చున్నాను. తెర మీద ఒక వీడియో తెరిచి ఉంది. "నూటొక్క గడప, నా తీర్పు" అని పేరు. తేజ ముఖం, వెనక నీలం లైటు. "ప్రతి గడపా నన్ను గుర్తుపెట్టుకుంది, గైస్. నిజంగా చెప్తున్నా, కళ్ళలో నీళ్ళొచ్చాయి." దాని కింద తారీకు అక్టోబర్ 2. ఆట వాడి చేతికొచ్చింది నాలుగో తారీకు సాయంత్రం. నాకు బాగా గుర్తు, ఆ పూట వాడు అన్నానికి లేవలేదు.

నిన్నంతా ఊరుకున్నాను. ఈ రోజు కాఫీ ఇచ్చి అడిగాను.

"రెండో తారీకున నీ కళ్ళలో నీళ్ళెందుకొచ్చాయిరా?"

గ్లాసు కింద పెట్టాడు. "చూశావా."

"ఆట నాలుగున కదా వచ్చింది."

"అందరూ ముందే తీసిపెట్టుకుంటారు నానమ్మా. విడుదల రోజు మొదటి గంటలో పెట్టకపోతే ఎవడూ చూడడు. బాగుంటుందని తెలుసు కదా. ఆరేళ్ళ నుంచి ఎదురుచూస్తున్నా."

"ఆరేళ్ళు ఎదురుచూస్తే పెళ్ళికొడుకు అందగాడవుతాడా?"

అప్పుడు గబగబా అన్నీ చెప్పాడు. పదిహేడు సాయంత్రం పంజాగుట్ట మాల్‌లో ఆట విడుదల పండగ. స్టేజి మీద మైకు పట్టుకునేది వీడే. అది బాగా జరిగితే ఇకమీదట ఆ కంపెనీ పనులన్నీ వీడికే. "బాలేదని చెప్తే స్టేజి ఉండదు. స్టేజి లేకపోతే ముప్పై ఒకటిన ఫ్రిజ్ మీది బ్రోచరే గతి."

"నీకెలా ఉంది? గైస్‌కి కాదు. నాకు చెప్పు."

చాలాసేపు గ్లాసు అంచు తుడిచాడు. "గుర్రం బాగుంది."

"ఇంకా?"

"వాన బాగుంది."

"మనుషులు?"

"మనుషులు లేరు నానమ్మా. ఆరేళ్ళు ఆ ఊరికి వెళ్దామనుకున్నాను. వెళ్తే ఎవ్వరూ లేరు."

ఆ వీడియో చెరిపెయ్యమన్నాను. అంతలో కృష్ణమోహన్ గుమ్మంలోకి వచ్చి "ఏంటి, మీటింగు?" అన్నాడు. "చరిత్ర పాఠం" అన్నాను.

ఈ వారం ఇంట్లో ఇది రెండో అబద్ధం. వాడిది మూడు లక్షలమందికి చెప్పడానికి తీసి పెట్టుకున్నది. నాది అప్పటికప్పుడు, కన్నకొడుక్కి చెప్పేసింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క గ్రేస్ మార్కు వెయ్యలేదని రిటైర్మెంటు సభలో చప్పట్లు కొట్టారు నాకు.

అక్టోబర్ 16

కంపెనీ తరఫున సుష్మిత అనే అమ్మాయి ఫోను. తేజ స్పీకరులో పెట్టాడు.

"తేజా, వీడియో ముందు మాకొకసారి పంపిస్తే బెటర్. జర పాజిటివ్‌గా, ఓకేనా? నెగెటివ్ ఉంటే రెండు వారాల తర్వాత చెప్పుకో, ఎవరు వద్దన్నరు."

ఫోను పెట్టేశాక వాడు నా వైపు చూశాడు. "నానమ్మా, ఆ చెప్పుల లెక్క కెమెరా ముందు చెప్తావా?"

"చీర మార్చుకోవాలా?"

"వద్దు. ఎర్ర పెన్ను పట్టుకో చాలు."

అక్టోబర్ 17, శుక్రవారం

పొద్దున పదింటికి పెట్టాడు. సుష్మితకు పంపలేదు.

నా భాగం: గుర్రానికి ఇరవైకి ఇరవై. వానకు, ఆకాశానికి, బురదకు ఇరవైకి పద్ధెనిమిది. కథకు ఇరవైకి పది. మనుషులకు నలభైకి ఆరు, ఆ ఆరూ ఈదమ్మకే. మొత్తం వందకు యాభై నాలుగు. రెండో తరగతిలో పాసు. "ఆట చెడ్డది కాదు. చెప్పుకున్న పేరుకు తగినట్టు లేదు. ఊరంతా హోర్డింగులు పెట్టి ఫస్టు క్లాసని చెప్పుకున్న పిల్లవాడు రెండో తరగతిలో పాసయితే ఎలా ఉంటుందో అలా ఉంది. ఒక్క గడప దగ్గర ఒక్కరు ఆపి ఉంటే, బాబూ, చెప్పులు బయట అని, ఇంకో ఇరవై వేసేదాన్ని." ఇంత చెప్పి లేచాను.

తేజ భాగం నాకు ముందు చూపించలేదు. ఇప్పుడు అందరితో పాటు చూశాను. చెరిపెయ్యమన్నాను కదా. వాడు చెరపలేదు. ఆ రెండో తారీకు వీడియోనే మొత్తం చూపించాడు, నీలం లైటు, కన్నీళ్ళు, అంతా. "ఇది నేను ఆట చూడకముందు తీసింది. ఇదే పెట్టేవాడిని. అంతకుముందు నేను మెచ్చుకున్న రెండు ఆటలు కూడా సగమే ఆడాను. అవేవో కింద రాశాను. ఇకమీదట పూర్తిగా ఆడకుండా ఏదీ చెప్పను."

నేను అడిగిన ప్రశ్న కంటే పెద్ద జవాబు రాశాడు.

అక్టోబర్ 18

స్టేజి పోయింది. నిన్న సాయంత్రం మైకు వంశీధర్ అనే ఇంకో కుర్రాడు పట్టుకున్నాడట. కళ్ళలో నీళ్ళొచ్చాయని చెప్పాడట. ఆట అతని చేతికెప్పుడు వచ్చిందో నాకు తెలియదు, అడగను.

వీడియో కింద అభిప్రాయాలు చదివాను. ముసలమ్మకు ఆటలెందుకని కొందరు. తేజ మోసగాడని చాలామంది, వాడే చెప్పాడు కాబట్టి వాళ్ళకు కొత్తగా కనిపెట్టే శ్రమ లేదు. ఒకాయన తాను కూడా నూటొక్క ఇళ్ళూ తిరిగి చూశానని, నా లెక్క సరిగ్గా ఉందని రాశాడు. లెక్క సరిగ్గానే ఉంటుంది.

రాత్రి భోజనాల దగ్గర కృష్ణమోహన్ పెరుగన్నం కలుపుకుంటూ అన్నాడు: "వీడియోలో ఆ హీరోకి నా పేరెందుకమ్మా?"

"మాట వింటాడని."

చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. బ్రోచర్ ఫ్రిజ్ మీదే ఉంది.

అక్టోబర్ 20

దీపావళి. ఈదమ్మ గుమ్మంలో దీపం పెడదామంటే దానికీ బటన్ లేదు.

అక్టోబర్ 22

సాయంత్రం బెల్లు మోగింది. తలుపు తీస్తే ముప్పై ఐదేళ్ళ మనిషి, గుమ్మం బయటే వంగి బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు. రెండేసి ముళ్ళు, చాలాసేపు పట్టింది. ఆ వంగిన వీపు చూసి రెండు మార్కులు కలుపుదామనిపించింది. కలపలేదు.

"నమస్తే మేడం. విజయేందర్ నా పేరు. గా ఆటల ఊరోళ్ళ మాటలన్నీ రాసింది నేనే."

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. కొట్లాటకు వచ్చాడనుకుని తేజ గోడకానుకుని నిలబడ్డాడు.

"చెప్పుల ముచ్చట నేను రాసిన మేడం. ఎవరింటికి పోయినా చెప్పులిడవకుంటే గుమ్మంలనే ఆపుతరు, ఈదమ్మ అయితే గట్టిగ తిడ్తది. ఆడి చూసినోళ్ళు బోర్ కొడ్తుందన్నరు. తలుపు తలుపు కాడ ఆపితే ఆట స్లో అయితదట. మొత్తం తీసేసిండ్రు. ఈదమ్మకు నలభై మాటలు రాసిన, మూడు మిగిలినయ్."

"తీసేస్తుంటే నువ్వేమన్నావు?"

"ఏమంట మేడం. నేను సుత నౌకరోన్నే గద." నీళ్ళు తాగాడు. "ఇప్పుడు మీ వీడియో చూసినంక మా పెద్దసారు చెప్పులు పెడదామంటుండు. గిది తన ఐడియానట."

తేజ నవ్వాడు. విజయేందర్ కూడా, కొంచెం ఆలస్యంగా. అతను వచ్చిన పని చివరికి చెప్పాడు: ఈదమ్మకు నాలుగో మాట పెడుతున్నారు. అది నా గొంతుతో కావాలట.

ఆలోచించి చెబుతానన్నాను. లిఫ్టు వచ్చేలోపు ఆలోచించాను.

అక్టోబర్ 27

శ్రీనగర్ కాలనీలో డబ్బింగ్ థియేటర్. తేజ తీసుకెళ్ళాడు. ఒక గాజు గది, మైకు, ఎర్ర లైటు. అవతల హనుమాండ్లు అనే ఆయన సౌండు చూస్తున్నాడు. నేను అనాల్సింది ఒకే మాట: "బాబూ, చెప్పులు బయట."

పదమూడుసార్లు అన్నాను. ప్రతిసారీ హనుమాండ్లు చెవులమీది డబ్బాలు తీసి తల అడ్డంగా ఊపాడు. "మంచిగనే ఉన్నదమ్మా. జర ప్రేమగ అనుండ్రి."

"ఇది ప్రేమ సంగతి కాదు నాయనా, చెప్పుల సంగతి."

"అయితే జర కోపంగ."

కోపంగా అంటే పాఠంలా ఉందన్నాడు. చివరికి మైకు ఎత్తు సరిచేద్దామని ఆయనే తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. కింద పరిచింది మెత్తటి తివాచీ. ఆయన కాళ్ళకు రబ్బరు చెప్పులు. నా నోరు నేను ఆపుకోలేదు.

ఆయన నిలబడిపోయాడు. కాళ్ళు చూసుకున్నాడు. తర్వాత గాజు అవతల ఎర్ర లైటు చూశాడు. వెలుగుతూనే ఉంది.

"అయిపోయిందమ్మా," అన్నాడు. చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళాడు.

అక్టోబర్ 31

గడువు ఈ రోజే. తేజ పొద్దుటినుంచి గదిలోనే ఉన్నాడు. ఇంకేదో చిన్న ఆటట, ఇద్దరు మనుషులు చేసింది, హోర్డింగు లేదు. పూర్తిగా ఆడుతున్నాడు. నలభై గంటలు పడుతుందట. వీడియో చూసేవాళ్ళు పెరగలేదు, తగ్గలేదు. నిలదొక్కుకున్నాడని ఏ ఎగ్జామినరూ సంతకం పెట్టడు.

కృష్ణమోహన్ బేగంపేట ఆఫీసు నుంచి రోజూ వచ్చే వేళకే వచ్చాడు. నేను ముందే చెప్పదలుచుకున్నాను.

"పదిహేనో తారీకున నీకు చరిత్ర పాఠం అని చెప్పాను. కాదు. అప్పటికే నాకు వాడి అబద్ధం తెలుసు. నీకిచ్చిన మాట ప్రకారం నీకు చెప్పాలి. చెప్పలేదు."

"తెలుసమ్మా. పాఠం చెప్పేటప్పుడు నువ్వంత మెల్లగా మాట్లాడవు." టై వదులు చేసుకున్నాడు. "మా ఆఫీసులో బుచ్చిబాబు గారు అడిగారు. ఏమండీ, మీ అబ్బాయి చేత అంత మాట ఒప్పించడానికి ఇంట్లో ఏం చేశారు, మావాడు కంచం కూడా తీయడండీ అని."

"ఏం చెప్పావు?"

"మా అబ్బాయికి నేనేమీ చెయ్యలేదని, వాడే ఒప్పుకున్నాడని చెప్పాను."

అంతే. స్నానానికి వెళ్ళాడు. ఫ్రిజ్ మీద బ్రోచర్ లేదు. వెతికాను. గుమ్మం బయట చెప్పుల స్టాండు కింది అరలో పరిచి ఉంది. దాని మీద కృష్ణమోహన్ ఆఫీసు బూట్లు, "నూరు శాతం ఉద్యోగం" అన్న చోట మడమ. పరిచింది నేను కాదు.

నవంబర్ 8, శనివారం

ఆటకు కొత్త మార్పులు వచ్చాయి. మెట్రో స్తంభాల మీద కొత్త బోర్డు: "ఇప్పుడు గడప గౌరవంతో." అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ అప్పుడే బ్యానర్ కట్టింది, ఆటలకు మాటలు రాయడం, నలభై ఐదు రోజుల కోర్సు. ఆ పని నేర్చుకోవడానికి తనకు పన్నెండేళ్ళు పట్టిందని విజయేందర్ చెప్పాడు పాపం.

పరీక్షించాను. నూటొక్క ఇళ్ళలో నూరిళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. చెప్పులతో వెళ్ళాను, పూజారి మళ్ళీ నమస్కారం పెట్టాడు. మార్చింది ఈదమ్మ ఇల్లొక్కటే. ఒక మార్కు కలిపి యాభై అయిదు చేశాను. అంతకు మించి కలిపితే నూరిళ్ళవాళ్ళు ఊరుకోరు.

చంద్రమ్మ పక్కనే ఉంది. ఈదమ్మ గడప మీద కాలు పెట్టాను. ఆవిడ తలెత్తి, నా గొంతుతో, హనుమాండ్ల మీద నేనన్న ఆ గొంతుతోనే అంది: "బాబూ, చెప్పులు బయట." కృష్ణమోహన్ ఆగాడు. వంగాడు. విడిచాడు.

"నాలుగోది అచ్చింది వదినా," అంది చంద్రమ్మ. బఠానీల పొట్లం నా వైపు జరిపింది.

పరీక్ష పూర్తయింది. ఇక ఆడే పని లేదు.

దిద్దుబాటు: చంద్రమ్మ వెళ్ళాక పదకొండుసార్లు ఆ గడప తొక్కాను. పన్నెండోసారి చేతిలోని ఆట కంట్రోలర్‌లో సెల్స్ అయిపోయాయి.

హైమవతీ, రేపు పదకొండు లోపల, ఎండ ఎక్కకముందు, మెట్రో స్టేషన్ కింద సందులో గడియారాలు బాగుచేసే కొట్టుకు వెళ్ళు. పెన్సిల్ సెల్స్ రెండు. పాతవి చేతిలో పట్టుకెళ్ళు, సైజు చూపించడానికి. ఎవరికండీ అని ఆయన అడుగుతాడు. తేజకు అని చెప్పు.